కాలువ గట్టు మీద 800: దమ్ము లెక్క, కాళ్ల లెక్క

కాలువలు కట్టేసిన వారం

కోనసీమలో ఏ ఊళ్లో చూసినా పొద్దున్నే గట్టు మీద పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. పోలీసు సెలక్షన్లనీ, ఆర్మీ ర్యాలీ అనీ ఏదో ఒకదానికి తయారవుతుంటారు. మన రాష్ట్ర కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో అబ్బాయిలకి 1600 మీటర్లకి 8 నిమిషాలు, 100 మీటర్లకి 15 సెకన్లు పెట్టారు, ఆర్మీలో 1600 టైము అంతకంటే చాలా గట్టిగా ఉంటుంది. టైము రాని కుర్రాడికి ఊరంతా చెప్పే సలహా ఒకటే, "దమ్ము చాలట్లేదురా, ఇంకో రెండు రౌండ్లు ఎక్కువ పరుగెత్తు" అని. వాడు అలాగే పరుగెత్తి, మోకాలు నొప్పి తెచ్చుకుని, అదే టైము దగ్గర ఆగిపోతాడు.

నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను, పొద్దుటి పూట ఈ పిల్లలతో గట్టు మీద ఉంటాను. ఈ డైరీ దేనికంటే, దమ్ము అనే ఒక్క మాట కింద మనం కలిపేస్తున్న రెండు మూడు విషయాల్ని విడదీసి కొలవగలమా అని చూడటానికి. ముఖ్యంగా ఆక్సిజన్ అందేలోపు, అందినా సరిపోనప్పుడు, కండరం సొంతంగా తీసే శక్తి, అంటే అనెరోబిక్ కెపాసిటీ. అది ఎంత ఉంది? ఆ ఉన్నదాన్ని కాలు నేల మీద పడే తీరు ఎంత మింగేస్తోంది? ఏళ్ల తరబడి పరుగెత్తినవాళ్లకీ నిన్న మొదలుపెట్టినవాళ్లకీ ఇందులో తేడా ఎక్కడ వస్తోంది?

దూరంగా 800 ఎంచుకోవడానికి కారణం ఉంది. శిక్షణ ఉన్న రన్నర్ల మీద స్పెన్సర్, గాస్టిన్ 2001లో ప్రచురించిన కొలతల ప్రకారం 400 మీటర్ల పరుగులో ఆక్సిజన్ వల్ల వచ్చే శక్తి 43 శాతం, 800లో 66 శాతం, 1500లో 84 శాతం. అంటే 800లో ఇంకా మూడో వంతు అనెరోబిక్ వైపు నుంచే వస్తోంది, పైగా పరుగు రెండు నిమిషాలు దాటుతుంది కాబట్టి ఆ నిల్వ దాదాపు ఖాళీ అవుతుంది. 100 మీటర్లలో నిల్వ ఖాళీ అయ్యేంత టైమే ఉండదు.

ఏది కొలవాలి

నిల్వని కొలవాలనే ఆలోచన పాతది. శరీరశాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ హిల్ 1920లలోనే ఆక్సిజన్ అప్పు అనే మాట వాడాడు. నార్వేలో మెడ్‌బో, ఆయనతో పనిచేసినవాళ్లు 1988లో దాన్ని ఒక పద్ధతిలో పెట్టారు: మనిషిని ట్రెడ్‌మిల్ మీద రకరకాల మామూలు వేగాల్లో పరుగెత్తించి ఆక్సిజన్ వాడకం కొలుస్తారు, ఆ గీతని పైకి పొడిగించి గట్టి వేగానికి ఎంత కావాలో లెక్కేస్తారు, అసలు తీసుకున్నది అందులోంచి తీసేస్తారు. మిగిలిందే లోటు, అదే అనెరోబిక్ కెపాసిటీకి కొలత. రెండు మూడు నిమిషాల్లో మనిషి అలిసి ఆగిపోయే వేగం పెడితే ఈ లోటు గరిష్ఠానికి చేరుతుందని చూపించారు.

మాకు ట్రెడ్‌మిల్ లేదు, ఆక్సిజన్ కొలిచే మాస్కు లేదు. ఉన్నది కొలత టేపు, స్టాప్‌వాచీలు, సెకనుకి 240 ఫ్రేములు తీసే ఒక ఫోను. అందుకని క్రిటికల్ స్పీడ్ పద్ధతి పట్టుకున్నాను. వేరువేరు దూరాలు ఒళ్లు దాచుకోకుండా పరుగెత్తి, టైము అడ్డంగా, దూరం నిలువుగా గ్రాఫు గీస్తే దాదాపు తిన్నని గీత వస్తుంది. గీత వాలు క్రిటికల్ స్పీడ్. గీత నిలువు రేఖని తాకే చోటు డీ ప్రైమ్, దాని కొలత మీటర్లలో ఉంటుంది. పిల్లలకి ఇలా చెప్పాను: కాలువలో నీళ్లు వచ్చే వేగం క్రిటికల్ స్పీడ్, పొలం పక్క గుంటలో నిల్వ ఉన్న నీళ్లు డీ ప్రైమ్. కాలువ ఇచ్చేదానికంటే ఎక్కువ కావాలంటే గుంటలోంచి తోడాలి, గుంట ఎండితే మళ్లీ కాలువ వేగానికి దిగాల్సిందే. పొలానికి వెళ్లే బోదె గట్టు తెగి ఉంటే గుంటలో ఎన్ని నీళ్లున్నా మడికి చేరవు. పరుగులో ఆ బోదె మన కాళ్లు.

ఈ ప్రాజెక్టుకి అసలు మెలిక అక్కడే ఉంది. డీ ప్రైమ్ మీటర్లలో వస్తుంది కాబట్టి అందులో రెండు కలిసే ఉంటాయి: ఒంట్లో ఉన్న శక్తి, ఒక్కో మీటరుకి అయ్యే ఖర్చు. ఇద్దరికి ఒకే నిల్వ ఉన్నా, అడుగడుక్కీ తనకి తానే బ్రేకు వేసుకుంటూ పరుగెత్తేవాడికి తక్కువ మీటర్లు వస్తాయి. మనం దాన్ని చూసి "వీడికి దమ్ము లేదు" అంటాం.

దారి కొలవడం

చేతి వాచీ జీపీఎస్‌ని నమ్మలేదు. కొబ్బరిచెట్ల కింద అది చూపే దూరం రోజుకోలా ఉంటుంది. కాలువ గట్టు మీద తిన్నగా ఉన్న భాగం చూసుకుని టేపుతోనే కొలిచి, ముగింపు ఒకే చోట ఉండేలా, దానికి వెనక్కి 800, 1600, 2400 దగ్గర రంగు వేసిన రాళ్లు పాతాం. మలుపు లేని దారి కావాలనే ఇలా. స్కూలు గ్రౌండ్‌లో 200 మీటర్ల ట్రాకు వేసుకోవచ్చు గానీ ఆ చిన్న వంపుల్లో కాలి తీరు మారిపోతుంది, వీడియోలో దేన్ని చూస్తున్నామో తేల్చలేం.

టైమింగు మీద కాస్త ఆలోచించాల్సి వచ్చింది. 800 మీటర్ల అవతల ఈల వేస్తే ఆ శబ్దం ఇక్కడికి రావడానికి రెండు సెకన్లకి పైనే పడుతుంది, 2400 దగ్గర వేస్తే అసలు వినపడదు. అందుకని రెండు స్టాప్‌వాచీలు ఒకేసారి నొక్కి, ఒకదాన్ని బండి మీద స్టార్టు దగ్గరికి పంపుతాం. అక్కడివాడు సరిగ్గా నిమిషం మారేటప్పుడు "గో" అంటాడు, ఇక్కడ రెండోది చూసి గీత దాటిన టైము రాసుకుంటాం. ఫోన్లూ సిగ్నలూ ఏమీ అక్కర్లేదు.

టైము ఇంత జాగ్రత్తగా ఎందుకంటే డీ ప్రైమ్ చాలా నాజూకు లెక్క. 800లో మూడు సెకన్లు తేడా వస్తే డీ ప్రైమ్ ఇరవై మీటర్లకి పైగా కదులుతుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్ల మొదటి పరుగులు లెక్కలోకి తీసుకోవడం లేదు. కొత్తవాడు మొదటి రెండొందలు వందమీటర్ల పరుగులా లాగేసి, ఆఖరి మూడొందలు నడక కంటే కాస్త మెరుగ్గా వస్తాడు. వాడి నిల్వ ఎంతో ఆ టైము చెప్పదు, వాడికి ఖర్చుపెట్టడం ఇంకా రాలేదని మాత్రమే చెబుతుంది. వరసగా రెండు 800లు ఒకటి రెండు సెకన్ల తేడాలోకి వచ్చాకే పుస్తకంలో ఎక్కిస్తున్నాం. ట్రైనింగ్ అనుభవం ఫలితం మీద పనిచేసే మొదటి తోవ ఇదే. కండరం మారకముందే వేగం పంచుకునే తెలివి వస్తుంది.

దాళ్వా కోతలయ్యాక: ఒకే టైము, ఇద్దరు మనుషులు

ఇప్పటిదాకా వచ్చిన లెక్కల్లో నన్ను బాగా కట్టిపడేసింది ఇది.

ఒక కుర్రాడు కబడ్డీ ఆటగాడు. సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్లలో పోటీలకి పిలుస్తారు వాడిని. తిన్నగా పరుగెత్తడం మొదలుపెట్టి మాత్రం ఏడాది కూడా కాలేదు. ఒక అమ్మాయి హైస్కూల్ నుంచీ 800, 1500 పరుగెడుతోంది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఇద్దరికీ 1600 టైము ఒకటే, గుండ్రంగా 5 నిమిషాల 40 సెకన్లు. ఎవరైనా చూస్తే ఇద్దరికీ ఒకే దమ్ము అంటారు. 800లో కుర్రాడు 2:30, అమ్మాయి 2:40. లెక్క వేస్తే కుర్రాడి క్రిటికల్ స్పీడ్ సెకనుకి 4.21 మీటర్లు, డీ ప్రైమ్ 168 మీటర్లు. అమ్మాయివి 4.44, 89. దగ్గర దగ్గర సగం నిల్వతో అదే 1600 టైము కొట్టింది, మిగతాదంతా ఆక్సిజన్ వైపు నుంచి తెచ్చుకుంది.

ఈ అంకెలతో 2400కి ముందే జోస్యం చెప్పొచ్చు: కుర్రాడికి 8:50 దగ్గర, అమ్మాయికి 8:40 దగ్గర రావాలి. పరుగులో అమ్మాయే ముందు వచ్చింది, టైములు కూడా లెక్కకి దగ్గరగానే పడ్డాయి. కుర్రాడు కాసేపు నమ్మలేదు.

"ఆఖరి నాలుగొందల్లో కాళ్లు బిగుసుకుపోతున్నాయండి మాస్టారూ."

"ఊపిరి ఎలా ఉంది?"

"ఆయ్, ఊపిరి బానే ఉందండి. కాళ్లే మాట వినట్లేదు."

వాడు చెప్పింది అక్షరాలా నిజం. కబడ్డీ కూతంటేనే ఊపిరి బిగబట్టి కొద్ది సెకన్లు ఒళ్లంతా ఖర్చుపెట్టడం, మళ్లీ కాస్త తెరిపి, మళ్లీ ఖర్చు. ఏళ్ల తరబడి వాడి కండరాలు ఆ పనికే అలవాటుపడ్డాయి. మెడ్‌బో తర్వాత చేసిన కొలతల్లోనూ స్ప్రింటర్ల అనెరోబిక్ కెపాసిటీ, దూరపు పరుగు వాళ్లకంటే 30 శాతం ఎక్కువ ఉంది. ఎన్నేళ్లు ట్రైనింగ్ చేశావన్న ప్రశ్న ఒక్కటే చాలదు, ఏ ట్రైనింగ్ చేశావని అడగాలి. దూరపు పరుగులే ఏళ్లకేళ్లు చేస్తే క్రిటికల్ స్పీడ్ పెరుగుతుంది, డీ ప్రైమ్ అక్కడే ఉండటమో కాస్త తగ్గటమో మామూలే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాళ్లు బిగుసుకుంటే అందరూ లాక్టిక్ యాసిడ్‌ని తిడతారు, మర్నాటి ఒళ్లు నొప్పులు కూడా దాని ఖాతాలోనే రాస్తారు. రక్తంలో పెరిగిన లాక్టేట్ గంట సేపట్లో దాదాపు మామూలుకి వచ్చేస్తుంది, మర్నాడు దాకా ఉండదు. పైగా గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. పరుగులో కండరం లోపల ఆమ్లత పెరగడం, ఫాస్ఫేట్ పోగుపడటం, కండరానికి వెంటనే అందే ఇంధనం క్రియాటిన్ ఫాస్ఫేట్ అయిపోవడం అన్నీ కలిసి కాలిని ఆపుతాయి. ఆ ఆమ్లతకి విరుగుడుగా వంటసోడా తాగితే మంచిదట కదా అని ఒకడు అడిగాడు. పెద్ద ఆటగాళ్లు వాడే మాట నిజమే, కానీ కడుపు పాడవడం మామూలు, నేను పిల్లలకి ఒప్పుకోను.

ఫ్రేములు లెక్కపెట్టడం

కాలి తీరు చూడటానికి ఫోనుని దారికి అడ్డంగా, చీలమండ ఎత్తులో పెట్టాం. పూర్తి వేగంతో ముప్పై మీటర్లు పరుగెత్తి వచ్చి కెమెరా ముందు నుంచి పోతారు. సెకనుకి 240 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. పాదం నేలని తాకిన ఫ్రేము నుంచి వదిలిన ఫ్రేము దాకా ఒక లెక్క, గాల్లో ఉన్న ఫ్రేములు ఇంకో లెక్క.

ఈ రెండు అంకెలతోనే కాలు నేలని ఎంత బలంగా తోస్తోందో సుమారుగా చెప్పొచ్చు, ఏ బల మాపకమూ అక్కర్లేదు. మనిషి అడుగడుక్కీ భూమిలోకి కూరుకుపోవడం లేదు, ఆకాశంలోకి పోవడం లేదు. కాబట్టి ఒక అడుగు మొత్తం మీద సగటు నిలువు బలం వాడి బరువుకి సమానం. గాల్లో ఉన్నంతసేపు నేల బలం సున్నా, ఆ లోటంతా పాదం నేల మీద ఉన్న కొద్ది క్షణంలో పూడ్చుకోవాలి. అంటే నేల మీది కాలం, గాలిలో కాలం కలిపి, నేల మీది కాలంతో భాగిస్తే బరువుకి ఎన్ని రెట్లో వస్తుంది. మా కబడ్డీ కుర్రాడికి నేల మీద 34 ఫ్రేములు, గాల్లో 24. బరువుకి 1.7 రెట్లు. బాగా పరుగెత్తేవాడికి నేల మీద 26, గాల్లో 29 వచ్చాయనుకోండి, రెండు రెట్లు దాటుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ లెక్క బోర్డు మీద చేసి చూపిస్తే న్యూటన్ సూత్రం పాఠం కంటే తొందరగా ఎక్కింది.

పీటర్ వేయండ్ బృందం 2000లో తేల్చింది కూడా ఈ సంగతే: వేగంగా పరుగెత్తేవాళ్లు కాళ్లు గాల్లో మరీ తొందరగా తిప్పడం వల్ల కాదు, నేలని ఎక్కువ బలంతో తోయడం వల్ల ముందుంటారు. కాలు వెనక నుంచి ముందుకి రావడానికి పట్టే టైము మెల్లగా పరుగెత్తేవాళ్లకీ వేగంగా పరుగెత్తేవాళ్లకీ పెద్ద తేడా లేదు.

మరి మన గ్రౌండ్లలో వినిపించే కేక ఏంటి? "అంగ పెద్దగా వెయ్యరా!" అది విని కుర్రాడు పాదాన్ని ఒంటికి బాగా ముందు, మడమ మీద దింపుతాడు. ప్రతి అడుగుకీ కొంచెం బ్రేకు పడుతుంది, పాదం నేల మీద ఎక్కువసేపు ఉంటుంది, పోయిన వేగాన్ని మళ్లీ కొనుక్కోవాలి. క్రిటికల్ స్పీడ్ దాటాక ఆ కొనుగోలంతా గుంటలోంచే. ఈ కేక ఆపాలని నేను గట్టిగా అంటాను, మొహమాటం లేకుండా.

వానలు, వరద

కాలువ గట్టు బురద. పరుగు మాట అటుంచి నిలబడటమే కష్టం. డెల్టాలో మనకి కొండలు లేవు, ఎత్తు ఎక్కే పరుగు కావాలంటే రెండే చోట్లు, వంతెనల అప్రోచ్ రోడ్లు, ఏటిగట్టు మీదికి ఎక్కే ర్యాంపులు. రోడ్డు మీద లారీలు. అందుకని ఏటిగట్టు ర్యాంపునే పట్టుకున్నాం. ఎత్తు ఎక్కేటప్పుడు అంగ పెద్దగా వేద్దామన్నా కుదరదు, పాదం ఒంటి కిందే పడుతుంది, నేలని వెనక్కి తోయకపోతే కదలరు. కేకలు వేసి నేర్పలేనిది వాలు నేర్పుతుంది. పొట్టి పరుగులు, మధ్యలో మూడు నాలుగు నిమిషాల విశ్రాంతి. విశ్రాంతి తగ్గించమని పిల్లలు అడుగుతారు, నేను తగ్గించను, ఎందుకంటే క్రియాటిన్ ఫాస్ఫేట్ మళ్లీ నిండటానికి ఆ మాత్రం టైము కావాలి, అలిసిన కాళ్లతో చేస్తే పాత తీరే మళ్లీ పాతుకుపోతుంది.

ఏరు పొంగినప్పుడు గట్టు మీదికి పోనివ్వలేదు. లంకల నుంచి వచ్చే పిల్లలు ఆ రోజుల్లో రాలేదు, వాళ్లకి పడవలే దారి. వాళ్ల లెక్కలు ఖాళీగా వదిలేశాను, అంచనాతో నింపడం ఇష్టం లేదు.

అలిసిన కాలు

వానలు తెరిపిచ్చిన వారంలో కెమెరాని 800 పరుగులో రెండు చోట్ల పెట్టాం, మొదటి వందలో, ఆఖరి వందలో. అందరికీ ఆఖరి వందలో పాదం నేల మీద ఉండే టైము పెరిగింది, ఇది ఎదురుచూసిందే. పెరిగే తీరులో మాత్రం తేడా స్పష్టంగా ఉంది. ఏళ్లుగా పరుగెడుతున్న అమ్మాయి వేగం తగ్గింది గానీ ఆకారం దాదాపు అలాగే ఉంది. కబడ్డీ కుర్రాడికి తుంటి కిందికి దిగి, మోకాలు వంగిపోయి, పాదం ఇంకా ముందుకి పడుతోంది. అంటే నిల్వ అడుగంటేసరికి మీటరు ఖర్చు పెరుగుతోంది, సరిగ్గా పొదుపు కావాల్సిన చోటే. ట్రైనింగ్ అనుభవం, కాలి తీరు, అనెరోబిక్ కెపాసిటీ మూడూ కలిసే చోటు ఈ ఆఖరి వంద అని నాకు అనిపిస్తోంది.

ల్యాబు పద్ధతికి కూడా ఇదే చిక్కు. మామూలు వేగాల్లో కొలిచిన గీతని గట్టి వేగానికి పొడిగించేటప్పుడు మనిషి తీరు అలాగే ఉంటుందని ఒప్పుకున్నట్టే. తీరు నిలబడే రన్నరుకి అది చెల్లుతుంది, వేగం పెరిగితే చెదిరిపోయే కొత్తవాడికి లెక్క అంత గట్టిగా నిలవదు.

కార్తీకంలో రెండో విడత

చలి మొదలైంది, పొద్దుట గాలి లేదు, గట్టు ఆరింది. ముగింపు అదే, రాళ్లు అవే.

కుర్రాడికి ప్రత్యేకంగా ఊపిరి పరుగులేమీ పెంచలేదు. ర్యాంపు, పొట్టి స్ప్రింట్లు, పాదం ఒంటి కింద దింపే డ్రిల్లులు, కబడ్డీ మామూలుగానే. పూర్తి వేగంలో నేల మీద 34 ఫ్రేములు కాస్తా 30కి వచ్చాయి, గాల్లో 25, అంటే బరువుకి 1.8 రెట్లు. 800 టైము 2:25, 1600 5:32. డీ ప్రైమ్ 168 నుంచి 180కి. ఈ పన్నెండు మీటర్లని నేను పెరుగుదల అనడం లేదు, 800 టైములో సెకనున్నర అటూ ఇటూ అయితే అది మాయమవుతుంది. క్రిటికల్ స్పీడ్ 4.21 నుంచి 4.28కి వెళ్లింది, టైములు రెండూ నిజంగా తగ్గాయి. తీరు బాగుపడితే లాభం నిల్వ ఖాతాలోనే పడుతుందని అనుకున్నాను. కాలువ ఖాతాలోనూ పడుతుందని ఈ అంకెలు చూశాక అర్థమైంది, ఎందుకంటే మీటరు ఖర్చు తగ్గితే ఆక్సిజన్‌తో వచ్చే శక్తికీ ఎక్కువ మీటర్లు వస్తాయి కదా.

అమ్మాయి కథ వేరు. తీరు ముందే బాగుంది, అందుకని ఆమెకి డ్రిల్లుల జోలికి పోలేదు. వారంలో కొన్ని దూరపు పరుగులు తీసేసి వాటి స్థానంలో ముప్పై సెకన్ల నుంచి నిమిషం దాకా గట్టి పరుగులు పెట్టాం. అనెరోబిక్ ట్రైనింగ్ ఆరు వారాలు చేస్తే కెపాసిటీ 10 శాతం పెరిగినట్టు 1990లో మెడ్‌బో వాళ్లే చూపించారు, ఆ ధైర్యంతోనే. ఇప్పుడు 800 2:36, 1600 5:38. డీ ప్రైమ్ 89 నుంచి 114కి వచ్చింది, క్రిటికల్ స్పీడ్ కొద్దిగా తగ్గి 4.40 అయింది. ఇరవై అయిదు మీటర్లంటే మూడు సెకన్ల పైమాటే, మా టైమింగు తప్పు అంత ఉండదు. దూరపు పరుగులు తగ్గించినందుకు ఆమె బెంగపెట్టుకుంది, 1600 టైము కూడా తగ్గిందని చూశాక కాస్త కుదుటపడింది.

ఇద్దరికీ మొదట్లో ఒకే టైము. ఇద్దరికీ ఒకే సలహా ఇచ్చి ఉంటే కనీసం ఒకరికి పనికిరాని సలహా అయ్యేది.

తర్వాత చేయాల్సింది గరిష్ఠ వేగం కొలత. బండిల్, హోయ్ట్, వేయండ్ 2003లో చూపించినట్టు, మనిషి అత్యధిక వేగానికీ ఆక్సిజన్‌తో అందుకోగల గరిష్ఠ వేగానికీ మధ్య ఉన్న ఖాళీ తెలిస్తే కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా సాగే పరుగులకి టైము అంచనా వేయొచ్చు. మన పిల్లలకి 100 కూడా ఈవెంటే కాబట్టి ఆ కొలత ఎలాగూ ఉపయోగమే. 100 మీటర్లలో నలభై నుంచి అరవై దాకా ఉన్న ఇరవై మీటర్లకి రెండు చివర్లా కొబ్బరి మట్టలు పాతి, వాటి మధ్య ఫ్రేములు లెక్కపెడతాం. సంక్రాంతి పోటీలు అయ్యేదాకా కబడ్డీ కుర్రాడు దొరకడు, లంక పిల్లలతో మొదలుపెడుతున్నాను. వాళ్లకి మొదట రెండు 800లు కుదరాలి.